మారని వలయం, మారే లాజిక్: నడుమ ద్వారాలు

అరచేతిలో పట్టే నీలం రంగు రేడియో పెట్టె ఒకటి ఉంది. అనలాగ్ డివైసెస్ కంపెనీ విద్యార్థుల కోసం తయారుచేసిన ఆ పెట్టె పేరు ఆడాల్మ్-ప్లూటో. గాలిలోంచి అందుకున్న సంకేతాన్ని అది సెకనుకు గరిష్ఠంగా 6 కోట్ల 14 లక్షల 40 వేల సార్లు కొలవగలదు. ఒక్కో కొలతకు రెండు సంఖ్యలు, ఒక్కో సంఖ్యకు 16 బిట్ల చోటు. లెక్క కడితే సెకనుకు దాదాపు 246 మెగాబైట్లు. పెట్టెను కంప్యూటర్‌కు కలిపేది యూఎస్‌బీ 2.0 తీగ. కాగితం మీదే దాని వేగం సెకనుకు 60 మెగాబైట్లు, వాడకంలో ఇంకా తక్కువ. లోపలికి వచ్చినదాంట్లో నాలుగో వంతు కూడా ఆ తీగ గుండా బయటికి పోదు.

కాబట్టి ఏది అవసరమో, ఏది వడకట్టి పారేయాలో పెట్టె లోపలే తేలాలి. ఆ పని చేసేది జింక్-7010 అనే చిప్. అందులో రెండు స్వభావాలున్న సిలికాన్ పక్కపక్కనే ఉంటుంది. ఒక భాగం ఆర్మ్ ప్రాసెసర్, దాని మెమరీ కంట్రోలర్, యూఎస్‌బీ, సీరియల్ పోర్టులు. ఇవి ఫ్యాక్టరీలో గీసినట్టే ఉంటాయి, ఎప్పటికీ మారవు. రెండో భాగం ప్రోగ్రామబుల్ లాజిక్. అది కొన్నప్పుడు ఖాళీగా ఉంటుంది; వాడేవారు ఫైలు ఎక్కించాక ఫిల్టర్ కావాలంటే ఫిల్టర్, వీడియో వలయం కావాలంటే వీడియో వలయం అవుతుంది. ప్రాసెసర్ ఎంత వేగం, లాజిక్ ఎంత పెద్దది అన్న అంకెలు ప్రకటనల్లో పెద్ద అక్షరాల్లో కనిపిస్తాయి. ఈ రెంటి మధ్య ఎన్ని ద్వారాలున్నాయి, ఒక్కోటి ఎంత వెడల్పు, ఎవరు ముందు తలుపు తట్టాలి అన్నవి మాత్రం వందల పేజీల మాన్యువల్ లోపల ఉంటాయి. చిప్‌తో నిజంగా ఏం చేయగలమో తేల్చేది చాలాసార్లు ఈ రెండో రకం అంకెలే.

అసలు రెండు రకాల సిలికాన్ ఎందుకు? మొత్తం మార్చుకోగలిగేదే పెట్టుకోవచ్చు కదా?

పెట్టుకోవచ్చు, కానీ ఖరీదు భయంకరంగా ఉంటుంది. ప్రోగ్రామబుల్ లాజిక్‌లో అతి చిన్న ముక్క లుక్-అప్ టేబుల్. జింక్ తరంలో ఒక్కో టేబుల్‌కు ఆరు ఇన్‌పుట్లు, 64 బిట్ల చిన్న మెమరీ. ఆరు ఇన్‌పుట్ల ప్రతి కలయికకు జవాబు సున్నానా ఒకటా అన్నది ఆ మెమరీలో ముందే రాసిపెడతారు. ఏ తర్కమైనా అలా రాసేయొచ్చు. అయితే ఒక టేబుల్ జవాబు ఇంకో టేబుల్‌కు చేరాలంటే మధ్యలో మార్చుకోగలిగే స్విచ్చులు, తీగలు కావాలి. చిప్ వైశాల్యంలో ఎక్కువ భాగాన్ని మింగేది ఈ తీగల వలే. టొరంటో విశ్వవిద్యాలయంలో ఇయాన్ కువాన్, జోనథన్ రోజ్ ఈ ఖరీదును కొలిచి 2007లో ప్రచురించారు. 90 నానోమీటర్ల తరంలో ఒకే వలయాన్ని స్థిరంగా ఒకసారి, ప్రోగ్రామబుల్ లాజిక్‌లో ఒకసారి కట్టి పోల్చారు. లుక్-అప్ టేబుళ్లు, ఒక్కో బిట్‌ను నిలిపి ఉంచే ఫ్లిప్-ఫ్లాప్‌లు మాత్రమే వాడినప్పుడు సగటున 35 రెట్లు ఎక్కువ చోటు పట్టింది, వేగం మూడు నుంచి నాలుగు రెట్లకు పైగా తగ్గింది, డైనమిక్ విద్యుత్ 14 రెట్లు పెరిగింది. అదే చిప్‌లో ముందే అచ్చుపోసిన గుణకారపు బ్లాకులను, మెమరీ బ్లాకులను వాడుకోగలిగినప్పుడు చోటులో తేడా దాదాపు సగానికి, 18 రెట్లకు, దిగింది.

అందుకే అందరికీ పదేపదే అవసరమయ్యే పనులను చిప్ తయారీదారులు ఒక్కొక్కటిగా స్థిర వలయాలుగా మారుస్తూ వచ్చారు. చిప్ సంస్థ జైలింక్స్ 1985లో విడుదల చేసిన మొదటి ఎఫ్‌పీజీఏ (ప్రోగ్రామబుల్ లాజిక్ చిప్) ఎక్స్‌సీ2064లో 64 లాజిక్ బ్లాకులు, వాటి చుట్టూ తీగలు, అంచున పిన్నులు, అంతే. దాని వెనకున్న ఊహ సంస్థ స్థాపకుల్లో ఒకరైన రాస్ ఫ్రీమన్‌ది. ట్రాన్సిస్టర్లు రానురాను చవకవుతాయి గనక కొన్నిటిని వృథా చేసైనా మార్చుకునే వీలును కొనుక్కోవచ్చని ఆయన పందెం కాశాడు. 1989లోనే పోయాడు, ఆ పందెం ఎంత దూరం నెగ్గిందో చూడలేదు. 1990ల్లో మెమరీ బ్లాకులు వచ్చాయి. 2001లో వర్టెక్స్-2తో 18 బిట్ల గుణకార యంత్రాలు వచ్చాయి. మరుసటి ఏడాది వర్టెక్స్-2 ప్రో లోపలికి ఏకంగా పవర్‌పీసీ ప్రాసెసరే దిగింది.

చిన్న బ్లాకులను అతికించడం తేలిక అనిపిస్తుంది గానీ అక్కడా పేచీ ఉంది. గుణకార యంత్రం దానంతటది ఎంత వేగంగా లెక్కించినా, సంఖ్యలు దానికి చేరేది మార్చుకునే తీగల మీదుగానే. ఒక్కో స్విచ్ దగ్గరా కాస్త ఆలస్యం. బ్లాకు ఖాళీగా ఎదురుచూస్తూ ఉంటుంది, సరుకు దారిలో ఉంటుంది. దీనికి ఇంజనీర్లు రెండు విరుగుళ్లు పట్టారు. బ్లాకు గుమ్మంలోనే రిజిస్టర్లు పెట్టడం ఒకటి. వచ్చిన సంఖ్య అక్కడ ఒక క్లాక్ ఆగి లోపలికి పోతుంది, కాబట్టి బయటి ఆలస్యం, లోపలి ఆలస్యం ఒకే క్లాక్‌లో కూడుకోవు. ఇరుగుపొరుగు బ్లాకుల మధ్య సొంత తీగలు వేయడం రెండోది. జింక్ తరంలో డీఎస్పీ బ్లాకులనే గుణకార యంత్రాలు నిలువు వరుసల్లో పేర్చి ఉంటాయి. ఒక్కోటి 25 బిట్ల సంఖ్యను 18 బిట్ల సంఖ్యతో గుణించి, 48 బిట్ల మొత్తానికి కలిపి, ఆ మొత్తాన్ని ప్రత్యేకమైన తీగ మీద నేరుగా పై బ్లాకుకు అందిస్తుంది. రేడియో ఫిల్టర్ అంటే వరుసగా గుణించడం, కూడటమే గనక ఆ వరుస మొత్తం మామూలు తీగల వలను తాకకుండా నడుస్తుంది. జింక్-7010లో ఇలాంటివి 80 ఉన్నాయి. ఫిల్టర్ రాసే విద్యార్థి తన గణితాన్ని ఈ వరుస ఆకారానికి ఒదిగేలా రాస్తే పూర్తి వేగం దక్కుతుంది. రిజిస్టర్లు వాడకుండా రాస్తే అదే బ్లాకు, అదే చిప్ బాగా నెమ్మదిస్తాయి.

ప్రాసెసర్ సంగతి వచ్చేసరికి గుమ్మంలో రిజిస్టర్ పెట్టడంతో పని తీరదు. వర్టెక్స్-2 ప్రోలో పవర్‌పీసీ ఉన్నమాట నిజమే, కానీ అది లాజిక్ మధ్యలో ఒంటరిగా కూర్చుని ఉండేది. దానికి మెమరీ కంట్రోలర్ కావాలన్నా, సీరియల్ పోర్టు కావాలన్నా వాడేవారే చుట్టూ ఉన్న ప్రోగ్రామబుల్ లాజిక్‌లో కట్టుకోవాలి. ముందు లాజిక్ సిద్ధం కావాలి, ఆ తరువాతే ప్రాసెసర్‌కు కాళ్లూ చేతులూ వస్తాయి. సాఫ్ట్‌వేర్ రాసేవారికి ఈ వరస మింగుడుపడలేదు. వారికి కావలసింది కరెంటు ఇవ్వగానే లేచి నిలబడే మామూలు కంప్యూటర్.

2011లో జైలింక్స్ ప్రకటించిన జింక్-7000 (జింక్-7010 ఈ కుటుంబంలోదే) ఈ వరసను తలకిందులు చేసింది. 28 నానోమీటర్ల ఆ చిప్‌లో రెండు ఆర్మ్ కార్టెక్స్-ఏ9 కోర్లు, క్యాష్‌లు, డీడీఆర్ మెమరీ కంట్రోలర్, ఈథర్‌నెట్, యూఎస్‌బీ అన్నీ స్థిర వలయాలే. కరెంటు రాగానే ముందు ప్రాసెసర్ లేస్తుంది. మెమరీ కార్డులోంచో ఫ్లాష్‌లోంచో తన ప్రోగ్రాం చదువుకుంటుంది. అవసరమైతే లినక్స్‌ను కూడా నడుపుతుంది. లాజిక్‌లోకి ఎక్కాల్సిన ఫైలును తానే పంపుతుంది, కావాలంటే మధ్యలో మార్చేస్తుంది. లాజిక్ పూర్తిగా నిద్రపోతున్నా ప్రాసెసర్ బతుకు ఆగదు. ఈ ఒక్క మార్పే ఈ జాతి చిప్‌లను సాఫ్ట్‌వేర్ వారికి దగ్గర చేసిందని గట్టిగా చెప్పవచ్చు. జైలింక్స్‌కు హైదరాబాద్‌లో పెద్ద డిజైన్ కేంద్రం ఉండేది. 2022 ఫిబ్రవరిలో ఏఎండీ ఆ సంస్థను కొన్న తరువాత అది ఏఎండీ కేంద్రమైంది. మన ఎలక్ట్రానిక్స్ పట్టభద్రులకు జింక్ అన్న పేరు అంతగా పరిచయం కావడానికి అదీ ఒక కారణం కావచ్చు.

ఇక ద్వారాల సంగతి. జింక్-7000లో ప్రాసెసర్ వైపుకు, లాజిక్ వైపుకు మధ్య మూడు తరగతుల దారులున్నాయి. మొదటిది సాధారణ పోర్టులు: 32 బిట్ల వెడల్పుతో నాలుగు. రెంటిలో ప్రాసెసర్ అడుగుతుంది, లాజిక్ జవాబిస్తుంది. మిగతా రెంటిలో లాజిక్ అడుగుతుంది, ప్రాసెసర్ వైపు జవాబిస్తుంది. ఫిల్టర్ గుణకాలను మార్చడం, పని మొదలుపెట్టమని చెప్పడం వంటి చిన్న ఆజ్ఞలకు ఇవి సరిపోతాయి. రెండోది అధిక సామర్థ్య పోర్టులు: 64 బిట్ల వెడల్పుతో మరో నాలుగు. ఇవి లాజిక్‌ను డీడీఆర్ మెమరీ దగ్గరికి తీసుకుపోతాయి. 150 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక్కో పోర్టు ఒక్కో దిశలో సెకనుకు 1,200 మెగాబైట్లు మోయగలదు. ప్లూటో రేడియోలో పుట్టే 246 మెగాబైట్ల ప్రవాహం అలాంటి ఒక్క పోర్టుకే బరువు కాదు. అదే ప్రవాహాన్ని ప్రాసెసర్ ఒక్కో సంఖ్యగా సాధారణ పోర్టు నుంచి చదవబోతే ప్రతి చదువుకూ ఎన్నో క్లాక్‌లు వేచి ఉండాల్సి వచ్చి, ఊపిరాడక చతికిలబడుతుంది. కొత్తగా నేర్చుకునేవారు తరచు ఇక్కడే దెబ్బతింటారు. సంఖ్యలను మోసే పనిని డీఎంఏ అనే వలయానికి అప్పగించి, ప్రాసెసర్‌ను మేస్త్రీ పనికి మాత్రమే వాడుకోవాలి.

మూడో తరగతిలో ఉన్నది ఒకటే పోర్టు. పేరు ఏసీపీ. అది ఎందుకు అవసరమైందో తెలియాలంటే క్యాష్‌తో వచ్చే చిక్కు తెలియాలి. ప్రాసెసర్ మాటిమాటికి డీడీఆర్ దాకా పోకుండా ఇటీవల వాడిన సమాచారాన్ని తన దగ్గర క్యాష్‌లో నకలు ఉంచుకుంటుంది. కిరాణా కొట్టులో ఖాతా పుస్తకం ఒకటి, ఇంట్లో దాని నకలు ఒకటి ఉన్నట్టు. లాజిక్ అధిక సామర్థ్య పోర్టు గుండా డీడీఆర్‌లో కొత్త కొలతలు రాసిపెట్టింది, అంటే కొట్టులో పుస్తకం మారింది. ప్రాసెసర్ మాత్రం ఇంట్లో నకలు చూసి పాత లెక్కే చదువుతుంది. ఎక్కడా ఎర్రదీపం వెలగదు, ప్రోగ్రాం ఆగదు. జవాబు మాత్రం తప్పు. ఈ తప్పు అప్పుడప్పుడే కనబడుతుంది, ఎందుకంటే నకలు క్యాష్‌లో ఉందా లేదా అన్నది ఆ క్షణాన్ని బట్టి మారుతుంది. మందు రెండు విధాలు. చదివే ముందు సాఫ్ట్‌వేరే నకలును చెల్లదని ప్రకటించాలి. దానికి కాలం ఖర్చు. లేదా ఏసీపీ గుండా రావాలి. ఆ దారి ప్రాసెసర్ల క్యాష్‌లను కాపలా కాసే యూనిట్ మీదుగా పోతుంది గనక లాజిక్ అడిగినా, రాసినా తాజా విలువే దొరుకుతుంది. అలాగని అన్నీ ఏసీపీకి కట్టబెడితే 512 కిలోబైట్ల ఉమ్మడి క్యాష్ రేడియో కొలతలతో నిండిపోయి ప్రాసెసర్ సొంత సమాచారం బయటికి నెట్టబడుతుంది. చిన్న చిన్న మార్పిడులకు ఏసీపీ, పెద్ద ప్రవాహాలకు ఆ నాలుగు అధిక సామర్థ్య పోర్టులు. స్థూలంగా అనుభవజ్ఞులు పాటించే పద్ధతి అది.

ఈ ద్వారాలన్నిటిలో వాడే భాష ఏఎక్స్‌ఐ, ఆర్మ్ సంస్థ 2003లో తెచ్చిన ప్రమాణం. చదవడానికి చిరునామా, చదివిన సమాచారం, రాయడానికి చిరునామా, రాసే సమాచారం, రాసినట్టు రసీదు: ఐదూ వేర్వేరు దారులు. ప్రతి దారిలో ఒకే మర్యాద ఉంటుంది. పంపేవాడు ‘సిద్ధంగా ఉంది’ అని ఒక తీగ ఎత్తుతాడు, తీసుకునేవాడు ‘తీసుకుంటాను’ అని ఇంకో తీగ ఎత్తుతాడు. రెండూ ఎత్తి ఉన్న క్లాక్ అంచున సరుకు చేతులు మారుతుంది. పంపేవాడు అవతలివాడు చెయ్యెత్తేదాకా తాను ఎత్తకుండా ఆగకూడదని ప్రమాణం ఖండితంగా చెబుతుంది. తీసుకునేవాడికి ఆగే హక్కు ఉంది. ఇద్దరూ ఆగితే ఇక కదలిక ఉండదు.

అలాంటి స్తంభన జింక్ వాడేవారికి ఇంకో రూపంలో ఎదురవుతుంది. సాఫ్ట్‌వేర్‌లో చిరునామా ఒక అంకె తప్పు రాశారనుకుందాం, లేదా లాజిక్‌లో ఇంకా ఫైలు ఎక్కించలేదనుకుందాం. ప్రాసెసర్ ఆ పోర్టు గుండా ప్రశ్న పంపుతుంది. అవతల జవాబిచ్చేవారు లేరు. ఏఎక్స్‌ఐ ప్రమాణంలో గడువు అనే మాటే లేదు, కాబట్టి ప్రాసెసర్ ఆ ఒక్క చదువు దగ్గరే నిలిచిపోతుంది. తెర కదలదు, కీబోర్డు పలకదు. సెకనుకు 60 కోట్లకు పైగా అడుగులు వేసే యంత్రం రాని జవాబు కోసం నిలబడి ఉంటుంది. దీన్ని తట్టుకోవడానికి కొందరు లాజిక్ వైపు చిన్న కాపలా వలయం పెడతారు. గడువు దాటితే ఆ వలయమే ‘లోపం’ అని జవాబిచ్చి ప్రాసెసర్‌ను విడిపిస్తుంది. ఇంతటి జాగ్రత్త అనవసరం అనుకునేవారు రాత్రంతా బోర్డును ఆపి, మళ్లీ వేసి చూస్తూ కూర్చుంటారు.

రెండు వైపులకూ విద్యుత్ సరఫరాలు కూడా వేరు. లాజిక్‌కు కరెంటు తీసేసినా ప్రాసెసర్ నడవాలి గనక మధ్య తీగల మీద లెవెల్ షిఫ్టర్లు అనే వలయాలు కాపలా ఉంటాయి. లాజిక్ సిద్ధమయ్యేదాకా అటునుంచి వచ్చే అర్థంలేని వోల్టేజీలు ప్రాసెసర్‌ను తాకకుండా అవి అడ్డుకుంటాయి. బూట్ ప్రోగ్రాం ఒక రిజిస్టర్‌లో ముందు ఒక విలువ, ఫైలు ఎక్కాక మరో విలువ రాసి ఆ దారులను దశలవారీగా తెరుస్తుంది.

గడియారాల తేడా అన్నిటికన్నా సూక్ష్మమైనది. ప్రాసెసర్ ఒక వేగంతో, లాజిక్ ఇంకో వేగంతో, రేడియో చిప్ నుంచి వచ్చే కొలతలు మూడో వేగంతో నడుస్తాయి. ఫ్లిప్-ఫ్లాప్‌కు ఒక షరతు ఉంది: క్లాక్ అంచుకు కాస్త ముందూ, కాస్త వెనకా ఇన్‌పుట్ నిలకడగా ఉండాలి. వేరే క్లాక్ నుంచి వచ్చే సంకేతం ఆ షరతును ఎప్పుడో ఒకప్పుడు తప్పుతుంది. అప్పుడు ఫ్లిప్-ఫ్లాప్ సున్నాకూ ఒకటికీ మధ్య కొంతసేపు ఊగిసలాడుతుంది. ఎంతసేపో ముందుగా చెప్పలేం. ఎక్కువసేపు ఊగే అవకాశం మాత్రం కాలంతో పాటు అతివేగంగా పడిపోతుంది. కాబట్టి వరుసగా రెండు ఫ్లిప్-ఫ్లాప్‌లు పెట్టి, రెండోదాని విలువే వాడితే ఒక క్లాక్ కాలం తేరుకోవడానికి దొరుకుతుంది. పొరపాటు పూర్తిగా పోదు. వందల ఏళ్లకు ఒకసారి జరిగేంత అరుదు చేయవచ్చు.

ఒక బిట్‌కు ఇది చాలు. సంఖ్యకు చాలదు. 7 నుంచి 8కి పోయేటప్పుడు 0111 కాస్తా 1000 అవుతుంది, నాలుగు బిట్లూ ఒకేసారి తిరుగుతాయి. అవతలి క్లాక్ సరిగ్గా ఆ క్షణంలో చూస్తే కొన్ని పాతవి, కొన్ని కొత్తవి కలిసి ఎన్నడూ లేని సంఖ్య కనిపించవచ్చు. బెల్ ల్యాబ్స్‌లో ఫ్రాంక్ గ్రే 1947లో పేటెంట్‌కు దరఖాస్తు చేసిన సంకేత పద్ధతి ఇక్కడ ఆదుకుంటుంది. అందులో ఒక సంఖ్య నుంచి తరువాతి సంఖ్యకు పోతే మారేది ఒక్క బిట్టే. ఏ క్షణంలో చూసినా కనబడేది పాత సంఖ్యో కొత్త సంఖ్యో అవుతుంది, మూడోది కాదు. రెండు క్లాక్‌ల మధ్య సరుకు నిలవచేసే ఫిఫోలలో ఎంత చేరింది, ఎంత తీసుకున్నారు అన్న లెక్క నేటికీ గ్రే సంకేతంలోనే గడప దాటుతుంది. అనలాగ్ సంకేతాలను అంకెల్లోకి మార్చే పనికోసం పుట్టిన ఆ ఆలోచన లేకుండా నేటి ఏ మిశ్రమ చిప్‌నూ ఊహించడం కష్టం.

వేగాలు మరీ దూరమైతే ఇదీ సరిపోదు. 10 గిగాబిట్ ఈథర్‌నెట్‌లో తీగ మీద బిట్లు సెకనుకు 1,031 కోట్లకు పైగా వస్తాయి. ప్రోగ్రామబుల్ లాజిక్ అంత వేగంగా ఎన్నటికీ నడవదు. అందుకని అంచున ఉండే ట్రాన్సీవర్ అనే స్థిర వలయం ఆ బిట్లను 64 చొప్పున పోగుచేసి లాజిక్‌కు ఇస్తుంది. అప్పుడు లాజిక్ 161 మెగాహెర్ట్జ్‌తో నడిస్తే చాలు. వేగం తగ్గించి వెడల్పు పెంచడం: స్థిర వలయాన్ని మారే లాజిక్‌కు కలిపే ప్రతి చోటా చివరికి ఈ బేరమే జరుగుతుంది.

వెడల్పుకూ హద్దు ఉంది. జింక్ తరువాతి అల్ట్రాస్కేల్ ప్లస్ తరంలో పోర్టులను 128 బిట్లకు పెంచారు, సంఖ్యా పెంచారు. మెమరీలు, ట్రాన్సీవర్లు ఇంకా వేగం పుంజుకునే కొద్దీ వందల తీగల బస్సులను మామూలు స్విచ్చుల మీదుగా చిప్ ఈ చివర నుంచి ఆ చివరకు ఈడ్చడం డిజైన్ సాఫ్ట్‌వేర్ టూల్స్‌కు తలకు మించిన పనైంది. డిజైన్‌లో చిన్న మార్పు చేస్తే దారులన్నీ మారి, నిన్న అందిన వేగం నేడు అందకపోవడం మామూలైంది. టొరంటోలోనే వాన్ బెట్జ్, మహమ్మద్ అబ్దెల్‌ఫత్తా 2012 నుంచి ఒక మార్గం సూచిస్తూ వచ్చారు: చిప్ లోపల సమాచారాన్ని ప్యాకెట్లుగా పంపే నెట్‌వర్క్‌నే స్థిర వలయంగా అచ్చుపోయాలి. 2018లో జైలింక్స్ ప్రకటించిన వర్సాల్‌లో అది ఆచరణలోకి వచ్చింది. అడ్డంగా, నిలువుగా చిప్ అంతా పరుచుకున్న ఆ నెట్‌వర్క్ ప్రాసెసర్లను, డీడీఆర్ కంట్రోలర్లను, ఏఐ ఇంజన్లను, ప్రోగ్రామబుల్ లాజిక్‌ను కలుపుతుంది. లాజిక్ రాసేవారు దగ్గర్లోని ద్వారం దాకా తీగ వేసుకుని, తమకు సెకనుకు ఎన్ని మెగాబైట్లు కావాలో చెబితే దారి టూల్ చూసుకుంటుంది. 2019లో అక్రానిక్స్ ప్రకటించిన స్పీడ్‌స్టర్7టీ చిప్ కూడా ఇలాంటి నెట్‌వర్క్‌నే నమ్ముకుంది. తీగల వల అనే, అన్నిటికన్నా ఎక్కువగా మార్చుకోవాల్సిన భాగంలోనే ఒక ముక్క మారనిదిగా స్థిరపడింది. ఎఫ్‌పీజీఏ చరిత్రలో ఇది పెద్ద మలుపు.

ఎదురు దిశలోనూ ప్రయాణం జరుగుతోంది. మొత్తం స్థిరంగా ఉండే చిప్‌లో ఒక మూల కొద్దిపాటి ప్రోగ్రామబుల్ లాజిక్‌ను బ్లాకుగా అమర్చే పద్ధతిని ఎంబెడెడ్ ఎఫ్‌పీజీఏ అంటున్నారు. అక్రానిక్స్ స్పీడ్‌కోర్ పేరుతో, ఫ్రాన్స్‌కు చెందిన మెంటా తన పేరుతో ఈ బ్లాకులను ఇతర చిప్ తయారీదారులకు అమ్ముతున్నాయి. చిప్ అచ్చయ్యాక నెట్‌వర్క్ ప్రమాణం మారినా, గూఢలిపి పద్ధతి పాతబడినా ఆ మూలలో దిద్దుకోవచ్చు. ఇక్కడ ద్వారాలను నిర్ణయించేవారు చిప్ కొనేవారు కారు, గీసేవారు. ఎన్ని తీగలు లాజిక్ లోపలికి తేవాలో, ఏ సంకేతాన్ని దాని అందుబాటులో ఉంచాలో అచ్చుకు ముందే తేల్చుకోవాలి. రేపు ఏది మార్చాల్సి వస్తుందో తెలియకుండానే దాని తీగను ఇవాళ బయటికి లాగి పెట్టాలి. లాజిక్‌ను ఎన్నిసార్లయినా తిరగరాయవచ్చు గానీ, దాని దగ్గరికి రాని తీగను ఏ ఫైలూ అక్కడికి తేలేదు.